గోడ మీద అంకె

ప్రోగ్రామర్ శవం లిఫ్టు గుంటలో దొరికింది.

మధ్యాహ్నం భోజనాల వేళ, విమానాశ్రయం కంట్రోల్ టవర్ నిండా మనుషులు తిరుగుతుండగానే ఆ పని జరిగింది. లిఫ్టు రాకుండానే తలుపు తెరుచుకుంది. వెనకనుంచి ఎవరో ఒక్క తోపు తోశారు. "మనిషన్నవాడు కింద చూసి నడవాలి కదా" అని టవర్ డైరెక్టర్ తన సంతాపం ప్రకటించి, క్యాంటీన్‌కి వెళ్ళి, మారు వడ్డించుకుని మరీ తిన్నాడు.

ఈ చివరి ముక్క విన్నప్పుడు ఏజెంట్ వేపకాయ మొహం ముడుచుకుపోయింది. ఆ మొహం వల్లే అతనికి గూఢచారి సర్వీసులో ఆ పేరు వచ్చింది. లోకంలో ఏది చూసినా చేదు మింగినట్టే ఉంటాడు. ఇరవయ్యేళ్ళుగా అబద్ధాల మధ్య బతికేవాడికి తీపి ఎక్కడినుంచి వస్తుంది?

సర్వీసు ఆఫీసుకి పైకి డ్రై క్లీనింగ్ షాపని పేరు. వెనక గదిలో పరాయివాళ్ళ కోట్లు వరసగా వేలాడుతూ, చెమటా మందూ కలిసిన కంపు కొడుతుంటాయి. వాటి మధ్య ఇస్త్రీ బల్ల మీద కూర్చుని బ్రీఫింగ్ ఇస్తాడు చీఫ్. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు.

"చనిపోయే ముందు ఆ ప్రోగ్రామర్ మనకో కబురు పంపాడు. రాడార్ సాఫ్ట్‌వేర్‌లో మెమరీ లీక్ ఉందిట, వాడేసిన చోటు ఖాళీ చెయ్యకుండా నింపుకుంటూ పోతోందిట. ఎవరో కావాలనే పెట్టారుట. అంతే" అన్నాడు పెద్దాయన.

"అది గార్బేజ్ కలెక్టర్ ఉన్న సాఫ్ట్‌వేరే కదా సార్?"

"అందరూ అదే అంటున్నారు. చెత్తని దానంతటదే ఊడ్చేస్తుందిట. మరి ఊడవటం లేదే?"

"దానికి ఒకటే రూలు సార్. ఎవరి చేతిలోనూ లేనిదే చెత్త. ఎవడో ఒకడు పట్టుకుని కూర్చుంటే, అది కుళ్ళి కంపు కొడుతున్నా ముట్టుకోదు." వేపకాయ సర్వీసుకి రాకముందు కొన్నాళ్ళు ప్రోగ్రాములు రాసి బతికాడు. ఆ చేదూ అతని మొహంలో ఉంది. "ఇన్నాళ్ళూ ఎలా నడిచింది మరి?"

"స్నానం చేయించేవాళ్ళు."

"ఎవరికి?"

"సాఫ్ట్‌వేర్‌కి. షిఫ్టు మారేటప్పుడు, ఆకాశం ఖాళీగా ఉన్న వేళ చూసి రీస్టార్ట్ చేసేవాళ్ళు. అక్కడ దానికి స్నానం అని పేరు. రోజూ స్నానం చేయిస్తుంటే ఒంటి మీద పుండున్న సంగతి ఎవరికీ తెలియలేదు. ఈ మధ్య ఆ స్నానం మానేశారు."

"ఎవరు మాన్పించారు?"

"అది తేల్చడమే నీ పని. గద్ద ముఠా చెయ్యి ఉంది ఇందులో." పెద్దాయన గొంతు తగ్గించాడు. "రేపు పొద్దున ఒక చిన్న విమానం ఆ టవర్ ఉన్న లోయలో దిగుతుంది. గద్ద ముఠా చెరనుంచి తప్పించుకున్న సైంటిస్టు అందులో ఉన్నాడు. రెండు కొండల మధ్యనుంచి రావాలి. లోయ నిండా పొగమంచు. రాడార్ చూసి టవర్ చెప్పినట్టు తిరగడం తప్ప వేరే దారి లేదు. ఆ నిమిషంలో తెర ఆగిపోతే, విమానం కొండకి కొట్టుకుంటుంది. ప్రమాదం అంటారు. పేపర్లో నాలుగు లైన్లు."

"వెనక్కి పంపించెయ్యండి."

"ఇంధనం చాలదు. పైగా లోయలోకి వచ్చేదాకా రేడియో తెరవదు."

"విమానం నడిపేది ఎవరు?"

పెద్దాయన ఒక కోటు బొత్తాం సరిచేస్తూ కూర్చున్నాడు. "గువ్వ."

సర్వీసులో పేర్లు పెట్టేవాడికి పిట్టల పిచ్చి. వేపకాయ ఒక్కడే చెట్టునుంచి రాలాడు. గువ్వ అతని సొంత చెల్లెలు. అమ్మ పోయాక జడలు వేసి, లెక్కలు చెప్పి, సైకిలు వెనక పరుగెత్తి పెంచాడు. అన్నయ్య ఉద్యోగమే తనకీ కావాలని ఆ పిల్ల మంకుపట్టు పట్టిన రోజున ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. చెల్లెలే గెలిచింది. ఇప్పుడు అతను ఫోను తీసి పెద్దాయన చేతిలో పెట్టాడు.

"స్నానం చేయించమని ఆర్డరివ్వండి సార్. అయిపోతుంది."

"డైరెక్టర్ వినడు. మంత్రిగారికి తోడల్లుడు. గట్టిగా అడిగితే ముఠాకి అనుమానం వచ్చి ఇంకో దారి చూసుకుంటుంది. లోపల మన మనిషి ఉందిలే, నెమలి. కన్సల్టెంట్ వేషంలో ఉంది. తను వాళ్ళ మనిషని గద్ద ముఠా అనుకుంటోంది. నిజానికి మన మనిషి."

"అలాగని ఆవిడా అనుకుంటోందా సార్?"

పెద్దాయన ఒక సంచీ అందించాడు. అందులో ఎలుకల మందు చల్లేవాడి యూనిఫాం, జిగురు అట్టలు, ఒక ఎర పెట్టె ఉన్నాయి. పెట్టెని సర్వర్ పక్కన పెట్టి వైరు తగిలిస్తే చాలు, మెమరీలో ఉన్నదంతా ఉన్నట్టుగా ఫొటో తీసినట్టు కాపీ చేసుకుంటుంది. దాన్ని హీప్ డంప్ అంటారు. మూత తీస్తే లోపల చిన్న తెర.

*

కంట్రోల్ టవర్‌కి బయట అద్దాలు, లోపల పాలరాయి. సర్వర్ గదిలోకి వెళ్ళాక అసలు రంగు తెలిసింది. పైన పటారం, లోన లొటారం. నేల పలకలు ఎత్తితే జుట్టు ఉండలు, బూజు పట్టిన టీ కప్పులు, ఎవడో విప్పి మరిచిపోయిన మేజోళ్ళు. ఒక మూల నిజంగానే ఎలుక చచ్చి ఎండిపోయి ఉంది. వేపకాయ ముక్కు మూసుకుని ఎర పెట్టె దాని పక్కనే పెట్టి, వైరు తగిలించాడు. మొదటి డంప్ మొదలైంది.

"ఏమయ్యా, వాసన పోతుందా?" అని వెనకనుంచి గొంతు వినిపించింది. హెడ్‌సెట్ మెడలో వేసుకున్న నడివయసు మనిషి. రాడార్ కంట్రోలర్. టవర్లో చిన్నా పెద్దా అందరూ ఆవిణ్ణి అక్క అని పిలుస్తారు.

"పోతుందక్కా. తెరలు బాగున్నాయా? ఎలుకలు వైర్లు కొరికాయేమోనని అడుగుతున్నా."

"వైర్లు కాదు బాబూ, దానికేదో రోగం. ఇదివరకు అప్పుడప్పుడూ రెప్పపాటు ఆగేది. మెమరీ తక్కువైందని పెంచారు. అప్పటినుంచి గుక్క పట్టిన పసిబిడ్డలా అయింది. బిగుసుకుపోయిందంటే ఊపిరి తీసుకునేదాకా మన ప్రాణాలు మన దగ్గరుండవు. రెండో సర్వర్ ఉందిగా అంటారు. దానికీ ఇదే సాఫ్ట్‌వేరు, ఇదే రోగం."

ఇల్లు పెద్దదైతే ఊడవడానికీ ఎక్కువసేపు పడుతుంది. ఊడుస్తున్నంతసేపూ మిగతా పనులన్నీ ఆగుతాయి. ఈ మాత్రం తెలియనివాళ్ళు రోగానికి తిండి పెట్టి పెంచారు.

కంట్రోల్ హాల్లో పెద్ద గోడ నిండా మెరిసే బోర్డు ఉంది. 'ఒక్క క్షణం ఆగని సేవ. క్షేమంగా దిగిన విమానాలు' అని రాసి, దాని కింద నిలువెత్తు అంకె. ఒక్కో విమానం దిగినప్పుడల్లా అది వచ్చిన దారి ఆకుపచ్చ గీతలా వెలిగి, అంకె ఒకటి పెరుగుతోంది. డైరెక్టర్ బోర్డు ముందు నిలబడి జేబురుమాలుతో అంకె మీద దుమ్ము తుడుస్తున్నాడు. కన్నకొడుకు ముక్కు కూడా అంత ప్రేమగా తుడిచి ఉండడు.

"ఏయ్ ఎలకల మందూ! రేపు మంత్రిగారొచ్చి దీన్ని ప్రారంభిస్తారు. ఒక్క ఎలకపిల్ల కనబడిందో, నీ సంగతి చూస్తా" అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

"చిత్తం."

అప్పుడే సెంటు వాసన ఒకటి హాలు దాటి వచ్చింది, దాని వెనక నెమలి వచ్చింది. నెమలికంఠం రంగు పట్టుచీర, ఎత్తు మడమల చెప్పులు. ఆమె నడుస్తుంటే టవర్లో సగం మంది పని మానేశారు.

"ఎలుకలు ఎటునుంచి వస్తున్నాయి?" అంది నెమలి. కోడ్ వర్డ్.

"తలుపు తీసి పెట్టినవైపు నుంచి" అన్నాడు వేపకాయ.

ఆమె గొంతు తగ్గించింది. "లీక్ వాతావరణం మాడ్యూల్లో ఉంది. గాలికీ మబ్బుకీ క్షణానికి వేలకొద్దీ ఆబ్జెక్టులు, అంటే మెమరీలో పొట్లాలు, పుట్టిస్తోంది. లక్షల్లో ఉన్నాయి. అక్కడ పడు, టైం వేస్ట్ చెయ్యకు. నీ చెల్లెలు వస్తోందటగా?"

వేపకాయ తలూపాడు. కానీ విమానం నడిపేది గువ్వ అని ఇద్దరికే తెలుసు. పెద్దాయన, తను.

*

మర్నాడు పొద్దున కిటికీల అవతల లోకం లేదు. ఎటు చూసినా తెల్లటి మంచు.

వేపకాయ సర్వర్ గదిలో గొంతుక్కూర్చుని రెండో డంప్ తీశాడు. నెమలి చెప్పిన వాతావరణం ఆబ్జెక్టులు నిజంగానే లక్షల్లో ఉన్నాయి. పాపం, అవి అమాయకులు. ఒకసారి ఊడవగానే దాదాపు అన్నీ పోతున్నాయి, మళ్ళీ కొత్తవి పుడుతున్నాయి. ఎన్ని పుట్టాయన్నది నేరం కాదు, పోవలసినప్పుడు పోకపోవడమే నేరం. లీక్ పట్టాలంటే ఊడ్చాక ఏం మిగిలిందో చూడాలి. నిన్న ఊడ్చాక మిగిలినదాన్నీ, ఇవాళ ఊడ్చాక మిగిలినదాన్నీ పక్కపక్కన పెట్టాడు. ఒక్క రకం మాత్రం బలిసి కూర్చుంది.

దిగిపోయిన విమానాలు.

ఎప్పుడో దిగి, ప్రయాణికులు ఇళ్ళకి వెళ్ళి, పెట్టెలు కూడా సర్దేసుకున్న విమానాలు మెమరీలో మాత్రం ఇంకా బతికే ఉన్నాయి. పైగా ప్రతి విమానం రాడార్‌లో తన దారి మొత్తాన్ని తోకలా ఈడ్చుకుని పడి ఉంది. ఎవరు వీటిని పట్టుకున్నది?

ఇక్కడినుంచి పని పోలీసుదే. పట్టుకున్నవాణ్ణి చూడాలి. వాణ్ణి పట్టుకున్నది ఎవరో చూడాలి. అలా వెనక్కి నడుస్తూ పోతే, ఎవరి దన్నూ అక్కర్లేకుండా తనంతట తాను నిలబడ్డవాడొకడు తగులుతాడు. ప్రోగ్రామర్లు దాన్ని రూట్ అంటారు. వేపకాయ దాన్ని ముఠా నాయకుడు అంటాడు.

విమానాన్ని పట్టుకున్నది ఆకుపచ్చ గీత. గీతని పట్టుకున్నది ఒక వరస. ఆ వరసని పట్టుకున్నది... వేపకాయ తెర మీదినుంచి తలెత్తి, కంట్రోల్ హాలు ఉన్న వైపుకి చూశాడు.

బోర్డు.

దిగిన ప్రతి విమానాన్నీ లెక్క చూపించుకోవడానికి ఆ బోర్డు తన గుప్పిట్లో పెట్టుకుంది. ఒక్కదాన్నీ వదల్లేదు. బోర్డు వచ్చిన కొన్నాళ్ళకి, స్నానం చేయించినప్పుడల్లా అంకె సున్నా అయిపోతోందని దాన్ని మానేశారు. స్నానం మానేశాక ఊడ్చేవాడు ఒట్టి చేతులతో తిరిగి వెళ్తున్నాడు. శత్రువుకి బాంబు అక్కర్లేకపోయింది, విషం అక్కర్లేకపోయింది. ఒక వెధవకి వాడి గొప్ప వాడికి చూపించే అద్దం కొనిచ్చారు. చాలింది. వేపకాయ చాలా ముఠాలని చూశాడు గానీ, ఇంత చవకబారు పన్నాగం చూడలేదు.

"తెలివైనవాడివే" అంది నెమలి వాకిట్లోనుంచి. చేతిలో లిప్‌స్టిక్. దాని మూతి నల్లగా, గొట్టంలా ఉంది. "ఆ ప్రోగ్రామరూ తెలివైనవాడే. లిఫ్టు తలుపు దాకా వచ్చాడు."

"బోర్డు నీ కానుకేనా?"

"నేనే రాశాను. దారులన్నీ గీతలుగా చూపిద్దామన్నదీ నేనే. గీత ఎంత పొడుగైతే మెమరీ అంత తింటుంది. ఇవాళ పొద్దున పాత విమానాలు కూడా కొన్ని ఎక్కించాను, సరిగ్గా టైముకి నిండాలని. స్నానం మానెయ్యమని మాత్రం నేను అనలేదు. గొప్ప సంస్థలు రీస్టార్ట్ చెయ్యవు సార్ అన్నానంతే. మిగతాది ఆయనే చూసుకున్నాడు."

"నువ్వు మా మనిషివి కదా?"

"అందరి మనిషినీ నేనే. జీతాలు మాత్రం వేరు వేరు."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి దగ్గర జిగురు అట్టలు ఉండి ఉండవు. నెమలి ఒక అడుగు ముందుకి వేసింది. రెండో అడుగు రాలేదు. ఎత్తు మడమ, వేపకాయ పొద్దున్నే పరిచిపెట్టిన జిగురు అట్టలో దిగబడింది. తూలి, రెండో కాలూ ఇంకో అట్ట మీదే వేసింది. లిప్‌స్టిక్ పేలింది. గుండు పైకప్పులోకి పోయింది. వేపకాయ ఆమె చెయ్యి విరిచిపట్టి, ఆమె చీర కొంగుతోనే సర్వర్ స్టాండుకి కట్టేశాడు. పట్టుచీర అంచు ఎండిన ఎలుక మీద పడింది. ఆమె మొదటిసారి నిజంగా కేక పెట్టింది.

*

హాల్లోకి పరుగెత్తేసరికి స్పీకర్లో చెల్లెలి గొంతు వినబడుతోంది.

"టవర్, గువ్వని. లోయలోకి వచ్చాను. తెలుపు తప్ప ఏమీ కనబడటం లేదు. ఎటు తిరగమంటారు?"

"వస్తూ ఉండు తల్లీ, చెప్తాను" అంది అక్క. ఆవిడ ముందు తెర బిగుసుకుపోయింది. విమానం చుక్క ఎప్పటిదో చోట నిలబడిపోయింది. ఒక్కసారి ఊపిరి తీసుకుంది, చుక్క గెంతి కొండ దగ్గరికి వచ్చింది. మళ్ళీ బిగుసుకుంది. ఈసారి బిగింపు ఇంకా ఎక్కువసేపు.

"రీస్టార్ట్ చేద్దామా?" అని అరిచింది అక్క.

"అది లేచేలోపు విమానం ఉండదు. బోర్డుని సున్నా చెయ్యాలి. పట్టు వదిలితే చాలు, ఊడ్చేవాడు ఒక్క ఊపులో అంతా ఊడ్చేస్తాడు." వేపకాయ బోర్డు కింది పెట్టె తెరిచాడు. సున్నా మీట ఉంది. దాని పక్కన వేలిముద్ర అద్దం. 'డైరెక్టర్ బొటనవేలు మాత్రమే.' తన రికార్డు ఎవరూ చెరపకూడదని ఆయనే అడిగి పెట్టించుకున్నాడు.

డైరెక్టర్ మంత్రిగారి కోసం కొత్త కోటు వేసుకుని, గులాబీ గుచ్చుకుని పక్కనే ఉన్నాడు.

"సార్, మీ బొటనవేలు ఇక్కడ పెట్టండి."

"ఎలకల మందువాడివి, నువ్వా నాకు చెప్పేది?"

"నేను సర్వీసు మనిషిని. ఈ బోర్డు వల్లే రాడార్ చస్తోంది. పెట్టండి!"

"అంకె?"

"సున్నా అవుతుంది."

డైరెక్టర్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "కుదరదు. మంత్రిగారు మెట్లెక్కుతున్నారు. సున్నా చూపించమంటావా? ఇంకో అరగంట ఆగు. ప్రారంభోత్సవం కానీ."

"ఆ విమానంలో నా చెల్లెలు ఉంది!"

"ఉంటే? ఇంత రికార్డులో ఒక్క విమానం పోతే అంకెకేమీ కాదు. దిగినవే లెక్క పెడుతుంది అది."

వేపకాయ హంతకులతో చేతులు కలిపాడు, దేశాలని అమ్మినవాళ్ళతో కలిసి తిన్నాడు. ఎవరి దగ్గరా ఇంత రోత పుట్టలేదు. వాళ్ళు చేసేది తప్పని వాళ్ళకి తెలుసు. ఈ మనిషి మొహంలో ఆ ఛాయ కూడా లేదు.

"టవర్?" అంది స్పీకర్. "అన్నయ్యా, ఇప్పుడు వినబడింది నీ గొంతేనా? ఎవరో ఒకరు మాట్లాడండి."

వేపకాయ డైరెక్టర్‌ని బోర్డుకేసి నొక్కి, కుడిచెయ్యి ముందుకి లాగాడు. డైరెక్టర్ బొటనవేలు లోపల పెట్టి గుప్పిట బిగించాడు. పసివాడు మిఠాయి దాచుకున్నట్టు. ఆ గుప్పిట చెమటతో జారిపోతోంది. వేపకాయ ఒక్కో వేలూ విప్పాడు. చిటికెనవేలు, ఉంగరం వేలు. తెర బిగుసుకునే ఉంది. నడిమివేలు. డైరెక్టర్ కొరకబోయాడు. అక్క తన హెడ్‌సెట్ తీసి ఆయన నోట్లో కుక్కింది. చూపుడు వేలు. చివరికి బొటనవేలు బయటపడింది, తడిగా, లావుగా, నూనె రాసినట్టు. వేపకాయ మీట కిందికి లాగిపట్టి, దాన్ని అద్దం మీద అదిమాడు.

ఏమీ జరగలేదు.

బిగుసుకున్న తెరకి వేలైనా ఒకటే, వేలం పాటైనా ఒకటే. అది ఊపిరి తీసుకునే సందు దొరికేదాకా అదిమిపట్టి ఉంచాలి. వేపకాయ పళ్ళు బిగించి ఆ చెమట వేలిని పట్టుకుని నిలబడ్డాడు. తన జన్మలో దేన్నీ అంత అసహ్యించుకుంటూ అంత గట్టిగా పట్టుకోలేదు.

తెర ఊపిరి తీసుకుంది.

గోడ మీద అంకె సున్నా అయింది. ఆకుపచ్చ గీతలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. రాడార్ తెర ఇంకొక్కసారి ఆగి, వెంటనే కడిగిన గాజులా తేటపడింది. చుక్క కదిలింది. దాని ముందు కొండ.

అక్క డెస్కు మైకు మీద పడింది. "గువ్వా, ఎడమకి! ఎడమకి తిరుగు తల్లీ! ఇంకా! ఇంకా... చాలు. తిన్నగా రా."

స్పీకర్లో గాలి హోరు తప్ప ఏమీ లేదు. వేపకాయ కళ్ళు మూసుకున్నాడు.

"తిన్నగానే వస్తున్నా" అంది చెల్లెలు, కాసేపటికి. "కొండ మీద మేకలు కనిపించాయి. చాలా దగ్గరగా."

*

నెమలిని చెప్పుల్లేకుండా తీసుకెళ్ళారు. సైంటిస్టుని పెద్దాయన మనుషులు మూసిన కారులో తీసుకెళ్ళారు. గువ్వ పైలట్ జాకెట్టుతోనే హాల్లోకి వచ్చి, అన్నయ్య భుజం మీద తల పెట్టి కాసేపు అలాగే ఉండిపోయింది. అతని యూనిఫాం ఎలుకల మందు కంపు కొడుతున్నా ముక్కు మూసుకోలేదు. ఒక్కరు ఉన్నారు ఈ భూమ్మీద, పట్టుకుంటే రోత పుట్టని మనిషి అనుకున్నాడు వేపకాయ, తనని కాదు. ఆ పిల్లని.

గోడ మీద బోర్డు ఇప్పుడు ఒకటి చూపిస్తోంది. డైరెక్టర్ దాని ముందు నిలబడి, మంత్రిగారికి వంగి వంగి వివరిస్తున్నాడు. "మొట్టమొదటి విమానమే పొగమంచులో, క్షేమంగా, నా స్వహస్తాలతో..." అంతలో గువ్వని చూసి, మంత్రిగారి మెడకోసం తెప్పించిన పూలదండ పట్టుకుని ఇటు పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరన్నయ్యా ఈయన? నా ప్రాణం కాపాడాడా?"

"ఆయన బొటనవేలు కాపాడింది" అన్నాడు వేపకాయ. "దానికి థాంక్స్ చెప్పు. మిగతా మనిషితో మనకి పనిలేదు."